ఆకుకూర ఉడికిన నీళ్ళు పారబోయాలా? తాగించాలా?

రోగిని ఇంటికి పంపేటప్పుడు మందులు ఎలా వాడాలో చెప్పి చీటీ చేతికి ఇస్తాము. వెంటనే కుటుంబసభ్యులు అడిగే మాట దాదాపు ఒకటే: "సిస్టర్, తిండి ఏం పెట్టాలె?" రోజూ ఆకుకూర పెట్టండి అని చెబితే అందరూ తల ఊపుతారు. కాని ఏ ఆకు మంచిది, ఎలా కడగాలి, ఎంతసేపు ఉడకాలి, ఉడికిన నీళ్ళు ఏం చెయ్యాలి అనే వివరం చీటీ మీద పట్టదు. ఆ వివరం కోసమే ఈ వ్యాసం.

ఈ వివరం చిన్నది కాదు. పొయ్యి మీద ఉన్నది ఒకే కూర. రక్తం తక్కువగా ఉన్న బాలింతకు ఆ కూర ఉడికిన నీళ్ళు బలం. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి అవే నీళ్ళు ప్రమాదం. కాబట్టి వండే మనిషికి రోగి జబ్బు ఏమిటో తెలిసి ఉండాలి.

మన దగ్గర ఆకుకూరకు కొదవ లేదు

1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు కాల్వల కింద బాన్సువాడ, మహమ్మద్ నగర్ చుట్టుపక్కల వరి బాగా పండుతుంది. అన్నానికి లోటు లేదు. అయినా రక్తహీనత తగ్గడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి, ఐదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి పదిమంది చిన్నపిల్లల్లో ఏడుగురు. కడుపు నిండా అన్నం తిన్నా పక్కన కూర సరిగా లేకపోతే రక్తం పట్టదు.

కాన్పులో ప్రతి తల్లికీ కొంత రక్తం పోతుంది. ఒంట్లో రక్తం తగినంత ఉన్న తల్లి దాన్ని తట్టుకుంటుంది. ముందే తక్కువ ఉన్న తల్లికి అదే రక్తస్రావం ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత అంటాము. 7 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత. ఆ స్థితిలో ఆకుకూరలతో సరిపెట్టుకోకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆ దశ రాకుండా చూసుకోవడంలో మాత్రం మన వంటింటికి పెద్ద పాత్ర ఉంది.

అంగడిలో దొరికే తోటకూర, పాలకూర, పుంటికూర (గోంగూర), చుక్కకూర, మెంతికూర, బచ్చలికూర మనకు తెలిసినవే. ఇవి కాక వానాకాలంలో చేలలో, పెరట్లో తమంతట తామే మొలిచేవి ఉన్నాయి: గంగవాయిలు కూర, పొన్నగంటి కూర, తుమ్మికూర, బతుకమ్మకు పూలిచ్చే గునుగు మొక్క లేత ఆకు. పైసా ఖర్చు లేని కూరలు ఇవి. వీటిని పేదవాళ్ళ తిండి అని చిన్నచూపు చూడకండి.

అయితే ఒక జాగ్రత్త. గడ్డిమందు, పురుగుమందు కొట్టిన పొలం గట్ల మీద, మురికి కాలువ పక్కన మొలిచిన ఆకును ఎంత లేతగా ఉన్నా తెంపకండి. మీకు బాగా తెలిసిన ఆకునే తెంపండి.

ఆకులో ఏముంది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో సుమారుగా ఉండేవి ఇవి:

తోటకూర: ఇనుము 4.6 మి.గ్రా., కాల్షియం 330 మి.గ్రా.
మునగాకు: ఇనుము 4.6 మి.గ్రా., కాల్షియం 314 మి.గ్రా.
మెంతికూర: ఇనుము 5.7 మి.గ్రా., కాల్షియం 274 మి.గ్రా.
పాలకూర: ఇనుము 3 మి.గ్రా., కాల్షియం 82 మి.గ్రా.

రక్తానికి పాలకూరే మంచిదని చాలామంది అనుకుంటారు. ఇనుము విషయంలో పెరట్లోని తోటకూర, మునగాకు దానికన్నా మేలు. పాలకూరలో ఫోలేట్ అనే విటమిన్ ఎక్కువ, అది కూడా రక్తానికి అవసరమే. కాబట్టి ఒకే ఆకును పట్టుకోకుండా మార్చి మార్చి వండండి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. పెళ్ళీడు వచ్చిన స్త్రీకి రోజుకు 29 మి.గ్రా. ఇనుము కావాలి. 100 గ్రాముల తోటకూరలో వచ్చేది అందులో ఆరో వంతు. దానిలోనూ ఒంటికి పట్టేది కొద్ది భాగమే. అందువల్ల ఐరన్ మాత్రలు ఇచ్చి ఉంటే ఆకుకూర తింటున్నాము కదా అని మాత్రలు మానెయ్యకూడదు. ఆకుకూర మందుకు తోడు, మందుకు బదులు కాదు. అంగన్‌వాడీలో, ఆసుపత్రిలో గర్భిణులకు ఇచ్చే ఒక్కో మాత్రలో 60 మి.గ్రా. ఇనుము ఉంటుంది. నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి.

ఇనుముతో పాటు ఆకుకూరల్లో విటమిన్ 'ఎ'గా మారే కెరోటిన్ ఉంటుంది. ఇది తగ్గితే పిల్లలకు రేచీకటి వస్తుంది. ముదిరితే చూపే పోతుంది. విటమిన్ 'సి', పీచు పదార్థం కూడా ఆకుల్లో ఉంటాయి. పీచు వల్ల మలబద్ధకం తగ్గుతుంది. మంచం మీదే ఉండే రోగికి ఇది ఎంత ఉపశమనమో చూసుకునేవాళ్ళకే తెలుస్తుంది.

పెద్దవాళ్ళు రోజుకు 100 గ్రాముల ఆకుకూర తింటే మంచిది. వండిన తరువాత అది అర కప్పు అవుతుంది, అంతే.

కడిగే పద్ధతి

1. ముందుగా వేళ్ళు, మట్టి అంటిన కాడలు, పుచ్చిన ఆకులు, పసుపు పచ్చగా మారినవి తీసెయ్యండి.

2. వెడల్పు గిన్నె నిండా నీళ్ళు పోసి ఆకును ముంచి చేత్తో కదిలించండి. మట్టి అడుగుకు చేరుతుంది. ఆకును పైకి ఎత్తి వేరే గిన్నెలో వెయ్యండి. ఆకు గిన్నెలో ఉండగానే నీళ్ళు వంపితే అడుగున చేరిన మట్టి మళ్ళీ ఆకు మీదికే వస్తుంది.

3. ఇలా కనీసం మూడుసార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా చెయ్యండి. రెండోసారి నీళ్ళలో కొంచెం ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచితే చిన్న పురుగులు వదిలి పైకి తేలతాయి.

4. కడిగిన తరువాతే తరగండి. తరిగి కడిగితే కోసిన అంచుల నుంచి విటమిన్లు నీళ్ళలో కలిసి పోతాయి. మరీ సన్నగా కూడా తరగనక్కర లేదు.

5. తరిగిన వెంటనే వండండి. పొద్దున తరిగి మధ్యాహ్నం దాకా ఉంచకండి.

మురికి నీళ్ళతో పెంచిన ఆకుల మీద నులిపురుగుల గుడ్లు, విరేచనాలు కలిగించే క్రిములు ఉంటాయి. జబ్బుతో నీరసించిన మనిషికి పచ్చి ఆకు పెట్టకండి, పసరు తాగించకండి. ఉడికించిన ఆకే క్షేమం.

వండేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

నీళ్ళు కొద్దిగా చాలు: లేత ఆకుకు కడిగినప్పుడు అంటుకున్న నీళ్ళే సరిపోతాయి. మూత పెట్టి సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు మగ్గనివ్వండి. విటమిన్ 'సి', ఫోలేట్ నీళ్ళలో కరిగేవి. ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి వార్చేస్తే అవి ఆ నీళ్ళతోనే పోతాయి.

కొంచెం నూనె తప్పదు: కెరోటిన్ కొవ్వు ఉంటేనే ఒంటికి పడుతుంది. రోగి కదా అని నూనె చుక్క లేకుండా వండితే ఆ విటమిన్ అందదు. ఒక మనిషికి ఒక చిన్న చెంచా నూనె చాలు.

నిమ్మకాయ వడ్డించేటప్పుడు పిండండి: పుల్లటి పండ్లలోని విటమిన్ 'సి' ఆకులోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి అది చెడుతుంది. నిమ్మకాయ లేకపోతే భోజనం తరువాత ఒక జామకాయో ఉసిరికాయో తినిపించండి.

చాయ్ గంట తరువాత: అన్నం తినగానే చాయ్ తాగితే అందులోని వగరు ఇనుమును పట్టనివ్వదు. తినడానికి ముందు ఒక గంట, తిన్నాక ఒక గంట చాయ్, కాఫీ ఇవ్వకండి. ఐరన్ మాత్రకు కూడా ఇదే నియమం.

ఉప్పు చివర: గిన్నె నిండా ఉన్న ఆకు మగ్గితే గుప్పెడు అవుతుంది. పచ్చి ఆకును చూసి ఉప్పు వేస్తే కూర ఉప్పుకశం అవుతుంది. బి.పి., గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఇది చాలా చెరుపు. ఆకు మగ్గిన తరువాతే ఉప్పు వెయ్యండి.

గిన్నె ఎంపిక: ఇనుప మూకుడులో పుల్లటి కూర వండితే మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. రక్తహీనత ఉన్న ఇంట్లో ఇది మంచి అలవాటు. వండిన వెంటనే కూరను స్టీలు గిన్నెలోకి మార్చండి. పుంటికూర, చుక్కకూర వంటి పుల్లటివి కళాయి పొయ్యిన ఇత్తడి, రాగి గిన్నెల్లో ఎప్పుడూ వండకండి. వీటికి మట్టి కుండ, స్టీలు గిన్నె మంచివి.

ఇంట్లో చేసుకునే నాలుగు వంటకాలు

ఇవి నలుగురికి సరిపోయే కొలతలు.

తోటకూర పప్పు

కందిపప్పు ఒక చిన్న గ్లాసు, తోటకూర రెండు పెద్ద కట్టలు, టమాటలు రెండు, ఉల్లిగడ్డ ఒకటి, పచ్చిమిరపకాయలు నాలుగు, ఎల్లిగడ్డ రెబ్బలు ఆరు, జీలకర్ర, పసుపు, నూనె మూడు చెంచాలు.

పప్పు అరగంట నానబెట్టి మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా ఉడికించండి. వేరే గిన్నెలో నూనె వేడి చేసి జీలకర్ర, దంచిన ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేయించండి. టమాట, పసుపు వేసి మెత్తబడ్డాక తోటకూర వేసి మూత పెట్టండి. ఐదారు నిమిషాల్లో మగ్గుతుంది. ఉడికిన పప్పును దాని నీళ్ళతో సహా కలిపి మరో మూడు నిమిషాలు ఉడకనిచ్చి ఉప్పు వేసి దించండి. లేత కాడలు పారెయ్యకుండా ఇందులోనే వెయ్యండి. ఆరు నెలలు నిండిన బిడ్డకు కారం, ఉప్పు వెయ్యకముందే కొంచెం పక్కకు తీసి మెత్తగా మెదిపి అన్నంలో కలిపి పెట్టవచ్చు.

పుంటికూర

పుంటికూర పులుపు ఎక్కువైందని చాలా ఇళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తారు. దానికన్నా సగం పుంటికూర, సగం తోటకూర కలిపి వండండి. పులుపు తగ్గుతుంది, నీళ్ళు పారబోసే పని ఉండదు. ఆకును కొంచెం నూనెలో మగ్గించి, వేయించిన పచ్చిమిరపకాయలు, ఎల్లిగడ్డతో కలిపి పప్పుగుత్తితో మెదిపి ఉల్లిగడ్డ ముక్కలు కలపండి. జొన్నరొట్టెతో బాగుంటుంది. కడుపులో మంట, పుండు ఉన్న రోగికి మాత్రం కారం, పులుపు తగ్గించాలి.

ముదురు ఆకు, మాంసం పులుసు

గోబిపువ్వు కొన్నప్పుడు చుట్టూ ఉండే పచ్చని ఆకులను కూరగాయల దుకాణం దగ్గరే తీసి పారేయిస్తాము. ముల్లంగి ఆకులు కూడా అంతే. ఇవి మంచి ఆకుకూరలు. కాస్త ముదురుగా ఉంటాయి కాబట్టి ఎక్కువసేపు ఉడకాలి, అంతే తేడా.

ఈ ఆకులకు దగ్గరి చుట్టం ఒకటి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఉంది. కాలర్డ్ అనే ఆ ఆకు క్యాబేజి జాతిదే, కాని గడ్డ కట్టదు. అక్కడ తోటల్లో బానిసలుగా పనిచేసిన ఆఫ్రికా సంతతి ప్రజలు ఈ ముదురు ఆకును తమకు దక్కిన కొద్దిపాటి మాంసం ముక్కలు, ఎముకలతో కలిపి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించేవారు. ఆకు తిన్నాక గిన్నెలో మిగిలిన చిక్కటి నీళ్ళను పారబోసేవారు కాదు. మక్క రొట్టె అందులో ముంచుకుని తినేవారు. ఇప్పటికీ అక్కడ అది ఇష్టమైన వంటకమే. ఇదే ఆకును మన దేశంలో కాశ్మీరువాళ్ళు హాక్ అనే పేరుతో నీళ్ళు నీళ్ళుగా వండి, ఆ నీళ్ళతో సహా అన్నంలో కలుపుకుంటారు. ఎక్కడెక్కడో ఉన్న అమ్మలు ఉడికిన నీళ్ళ విలువ గుర్తించారు. మన పుంటికూర మటన్, చుక్కకూర మటన్ కూడా ఆ దారిలోవే.

మన ఇంట్లో ఇలా చెయ్యండి. కొవ్వు తీసేసిన మటన్ ఎముకల ముక్కలు పావుకిలో తీసుకుని అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పసుపు, ఉల్లిగడ్డ వేసి నాలుగు గ్లాసుల నీళ్ళతో మెత్తగా ఉడికించండి. గోబిపువ్వు ఆకులు, ముల్లంగి ఆకులు అరకిలో తీసుకుని లావు ఈనెలు తీసి తరిగి అందులో వెయ్యండి. సన్నని సెగ మీద అరగంట ఉడకనివ్వండి. మిరియాల పొడి, ఉప్పు వేసి దించి, పళ్ళెంలో వడ్డించాక నిమ్మకాయ పిండండి. ఎక్కువసేపు ఉడికితే విటమిన్ 'సి' పోతుంది. ఇనుము, కాల్షియం పోవు, పులుసులోకి దిగి అక్కడే ఉంటాయి. పోయిన 'సి' లోటును నిమ్మకాయ తీరుస్తుంది. పక్కన కొంచెం మాంసం ఉంటే ఆకులోని ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది. అమెరికాలో ఉప్పు పట్టించిన పంది మాంసంతో వండుతారు. ఆ ఉప్పు, ఆ కొవ్వు మన రోగులకు పనికిరావు.

మాంసం తిననివాళ్ళు నానబెట్టిన బొబ్బర్లు (అలసందలు) వేసి ఇలాగే చేసుకోవచ్చు. ఆ దక్షిణాదివాళ్ళు కూడా కొత్త సంవత్సరం రోజున కాలర్డ్ ఆకుతో పాటు బొబ్బర్లే తింటారు.

మునగాకు పొడి

మునగాకు చేదని పిల్లలు తినరు. ఆకును కడిగి నీడలో ఆరబెట్టి, కొంచెం నూనెలో వేయించండి. ఎండుమిరపకాయలు, జీలకర్ర, వేయించిన నువ్వులు, ఎల్లిగడ్డ, కొంచెం చింతపండు, ఉప్పు కలిపి దంచండి. వేడి అన్నంలో ఒక చెంచా పొడి, కొంచెం నూనె కలిపి పెట్టండి. తడి తగలని సీసాలో దాచితే కొన్ని వారాలు ఉంటుంది. ఊళ్ళో ఏ మూల చూసినా మునగ చెట్టు ఉంటుంది. కాయ కోసుకుని ఆకు వదిలేస్తున్నాము.

నీళ్ళు పారబోయవలసిన రోగులు

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఇంట్లో కింది జబ్బులు ఉన్నవాళ్ళు ఉంటే పైన చెప్పిన పద్ధతి వాళ్ళకు పనికిరాదు.

మూత్రపిండాల జబ్బు, డయాలసిస్: ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు అదనపు పొటాషియంను మూత్రంలో పంపేస్తాయి. దెబ్బతిన్న మూత్రపిండాలు పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. వీళ్ళకు ఆకుకూర పెట్టవచ్చో లేదో, ఎంత పెట్టవచ్చో రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. పెట్టవచ్చు అంటే ఆకును చిన్నగా తరిగి ఎక్కువ గోరువెచ్చని నీళ్ళలో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. మళ్ళీ ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి వాటినీ వార్చి పారబోయండి. ఆ తరువాత పోపు పెట్టండి. ఇలా చేస్తే పొటాషియం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆకుకూర చారు, పులుసు వీళ్ళకు వద్దు. సోడియం తక్కువ ఉప్పు అని ప్యాకెట్లలో అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, దాన్ని కూడా డాక్టరును అడగకుండా వాడకండి.

మూత్రపిండాల్లో రాళ్ళు: ఎక్కువ రాళ్ళు ఆక్సలేట్ అనే పదార్థంతో తయారవుతాయి. పాలకూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలు కూరల్లో ఇది ఎక్కువ. ఒకసారి రాళ్ళు వచ్చినవాళ్ళు వీటిని బాగా తగ్గించాలి. మెంతికూర, గోబిపువ్వు ఆకు మేలు. నీళ్ళు బాగా తాగాలి. రాయిలో కాల్షియం ఉంటుందని పాలు, పెరుగు మానెయ్యకండి. భోజనంతో తీసుకున్న కాల్షియం కడుపులోనే ఆక్సలేటును పట్టుకుని బయటికి పంపుతుంది. ఈ ఆక్సలేట్ వల్లనే పాలకూరలోని కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. తోటకూరలోనూ అది ఉంది. కాబట్టి ఎముకల బలానికి ఆకుకూర ఒక్కటే చాలదు. పాలు, పెరుగు, రాగులు కూడా కావాలి.

రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవాళ్ళు: గుండె కవాటం మార్చినవాళ్ళకు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళకు వార్ఫరిన్, అసెనోకుమరాల్ వంటి మాత్రలు ఇస్తారు. ఇవి విటమిన్ 'కె' పనిని అడ్డుకుంటాయి. ఆకుకూరల్లో విటమిన్ 'కె' నిండా ఉంటుంది. ఉన్నట్టుండి ఆకుకూరలు పెంచితే మాత్ర పనిచెయ్యదు, కవాటం మీద గడ్డ కట్టవచ్చు. ఉన్నట్టుండి మానేస్తే మాత్ర ప్రభావం ఎక్కువై రక్తస్రావం కావచ్చు. వీళ్ళు ఆకుకూర మానక్కర లేదు. వారానికి ఎంత తింటున్నారో ప్రతి వారం అంతే తినాలి. మార్చదలిస్తే ముందు డాక్టరుకు చెప్పి ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకోవాలి. ఎవరో చెప్పారని మునగాకు పొడి కొత్తగా మొదలుపెట్టకండి.

పేగుల ఆపరేషన్, విరేచనాలు, టైఫాయిడ్: పీచు ఎక్కువున్న ఆకులు కొన్నాళ్ళు ఆపవలసి ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడగండి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్న రోగికి ఇంట్లో చేసిన ఆకుకూర చారు మీ అంతట మీరు పొయ్యకండి. గొట్టం మూసుకుపోతుంది.

తరచుగా అడిగే ప్రశ్నలు

బాలింతకు ఆకుకూర పెడితే బిడ్డకు చలువ చేస్తుందా?
చెయ్యదు. తల్లి తిన్న ఆకుకూర వల్ల పాలు తాగే బిడ్డకు జలుబు, విరేచనాలు రావు. రక్తం పోయి పాలిస్తున్న తల్లికి కారం అన్నం మాత్రమే పెట్టే పథ్యం చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. అత్తగారికి కోడలి మీద ప్రేమ లేక కాదు, తనకూ పెద్దలు అలాగే చేశారు కాబట్టి చేస్తుంది. ఆమెతో వాదించకుండా నెమ్మదిగా చెప్పండి. పప్పులో వేసిన తోటకూరతో, మెంతికూరతో మొదలుపెట్టండి.

ఆపరేషన్ అయినవాళ్ళు పప్పు, పుంటికూర తింటే కుట్లు చీము పడతాయా?
పడవు. చీము క్రిముల వల్ల వస్తుంది. మురికి చేతులు, తడిసిన కట్టు, అదుపులో లేని షుగరు దానికి కారణాలు. గాయం మానడానికి మాంసకృత్తులు, విటమిన్ 'సి' కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు మానిపిస్తే గాయం ఆలస్యంగా మానుతుంది.

రాత్రి పూట ఆకుకూర తినకూడదంటారు, నిజమేనా?
వెలుతురు లేని రోజుల్లో ఆకులోని పురుగు కనబడదని పెద్దలు ఆ మాట అని ఉండవచ్చు. బాగా కడిగి ఉడికించిన ఆకుకూర ఏ పూట తిన్నా ఫరవాలేదు. అరుగుదల తక్కువ ఉన్న ముసలివాళ్ళకు మధ్యాహ్నం పెడితే సుఖంగా ఉంటుంది.

పొద్దున వండిన కూర రాత్రికి వేడి చేసి పెట్టవచ్చా?
మన ఎండలకు బయట పెట్టిన కూర తొందరగా చెడుతుంది. ఏ పూటకు ఆ పూట వండడం మేలు. పసిపిల్లలకు నిలవ ఉన్న ఆకుకూర అసలు పెట్టకండి.

షుగరు ఉన్నవాళ్ళు తినవచ్చా?
తప్పకుండా. పళ్ళెంలో అన్నం తగ్గించి ఆ జాగాలో ఆకుకూర పెంచండి. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం పైన చెప్పిన జాగ్రత్తలు పాటించాలి.

గుర్తుంచుకోండి

• కడిగిన తరువాతే తరగాలి.
• కొద్ది నీళ్ళు, కొద్ది నూనె, మూత పెట్టిన గిన్నె.
• ఉప్పు చివర, నిమ్మకాయ వడ్డించాక, చాయ్ గంట ఆగి.
• రక్తం తక్కువ ఉన్నవాళ్ళకు ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి. ఐరన్ మాత్రలు మానిపించకండి.
• మూత్రపిండాల రోగికి డాక్టరు ఒప్పుకుంటేనే, నీళ్ళు వార్చి పారబోసి పెట్టండి.
• రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవాళ్ళకు ప్రతి వారం ఒకే కొలత.

మీ ఇంట్లో రోగికి ఈ రెండు పద్ధతుల్లో ఏది సరిపోతుందో తెలియకపోతే ఇంటికి వెళ్ళకముందే వార్డు సిస్టరును అడగండి. చీటీ వెనుక రాయించుకుని, వంట చేసే మనిషికి చదివి వినిపించండి.